1982లో పుట్టిన 1957 గిటార్

పాత గిటార్ల ప్రకటనల్లో ‘57 స్ట్రాట్’ అని కనిపిస్తే అది నాలుగైదు రకాల వస్తువుల్లో ఏదైనా కావచ్చు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1957లోనే తయారైన అసలు ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (వాడుకలో స్ట్రాట్) అనే ఎలక్ట్రిక్ గిటార్ కావచ్చు. 1982 తర్వాత అదే ఊళ్లో అదే కంపెనీ తన పాత గిటార్‌ని చూసి మళ్లీ చేసిన రీఇష్యూ కావచ్చు. అదే కాలంలో జపాన్‌లోని మత్సుమొతోలో తయారైనది కావచ్చు. ఆ తర్వాత కాలిఫోర్నియాలోనే కరోనా అనే ఊళ్లో ఫెండర్ పెట్టిన ఫ్యాక్టరీ నుంచి వచ్చినది కావచ్చు. కావాలని గీతలు పెట్టి, అక్కడక్కడా పెయింట్ లేపి, ముసలిదానిలా కనిపించేట్టు ఫెండర్ వాళ్ల ప్రత్యేక తయారీ విభాగం కస్టమ్ షాప్ చేసిన గిటార్ కూడా కావచ్చు. అన్నిటికీ పేరులో ఉండేది అదే 57.

ఈ రీఇష్యూలను వెతుకుతూ, విప్పి చూస్తూ, అప్పుడప్పుడూ కొంటూ ఉండగా నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. రీఇష్యూకి రెండు సంవత్సరాలు ఉంటాయి. ఒకటి అది అనుకరించేది, ఇంకొకటి అది పుట్టినది. కొనేవాళ్లలో ఎక్కువమంది మొదటిదాన్ని పట్టుకుంటారు. నేను రెండోదాన్ని పట్టుకోమంటాను. గుర్తుపట్టేటప్పుడైనా, సేకరించేటప్పుడైనా, చివరికి రిపేరు చేయించేటప్పుడైనా, అడగాల్సిన ప్రశ్న ‘ఇది 1957కి ఎంత దగ్గరగా ఉంది?’ అనేది కాదు. ‘ఇది తయారైన రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉందా?’ అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనుకోవడం వల్ల చాలా మంచి గిటార్లు పాడైపోయాయి.

అసలు ఈ రీఇష్యూలు ఎందుకు వచ్చాయో చూస్తే నా మాట ఇంకాస్త స్పష్టమవుతుంది.

స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. లియో ఫెండర్ తన కంపెనీని 1965 జనవరిలో సీబీఎస్ అనే అమెరికన్ ప్రసార సంస్థకి 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. ఆ ఏడాది చివరికల్లా హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే పై కొస, పెద్దదైంది. 1968లో పల్చటి నైట్రోసెల్యులోజ్ (నైట్రో) లాకర్ పోయి మందంగా ఉండే పాలియెస్టర్ ఫినిష్ వచ్చింది. 1971లో నెక్‌ని, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగాన్ని, బాడీకి పట్టి ఉంచే నాలుగు స్క్రూలు మూడయ్యాయి. ఒక్కొక్కటీ చూస్తే చిన్న మార్పే. కానీ వాయించేవాళ్లు అన్నిటినీ కలిపి లెక్కేసుకున్నారు. కొత్త స్ట్రాట్ కంటే పాతదే మేలనే మాట డెబ్బైల్లో గట్టిపడింది. పాతవాటి రేట్లు పెరగడం అప్పుడే మొదలైంది.

ఈ సంగతి ఫెండర్ కంటే ముందు జపాన్ కంపెనీలకు అర్థమైంది. టొకాయ్, గ్రెకో లాంటి బ్రాండ్లు డెబ్బైల చివర్లో అచ్చం పాత స్ట్రాట్‌లాంటి గిటార్లు చేసి అమ్మాయి. ఫెండర్ తాను చేయడం మానేసిన గిటార్‌ని ఇంకొకళ్లు చేస్తున్నారు, పైగా బాగా చేస్తున్నారు. 1981లో యమహా నుంచి వచ్చి ఫెండర్ పగ్గాలు పట్టుకున్న బిల్ షుల్ట్జ్, ఆయనతోపాటు వచ్చిన డాన్ స్మిత్ దీనికి రెండు దారుల్లో జవాబు వెతికారు. ఒకటి, ఫుల్లర్టన్‌లోనే పాత గిటార్లను కొలిచి, 1957, 1962 నమూనా స్ట్రాట్‌లనూ, టెలికాస్టర్ అనే ఇంకో ఫెండర్ మోడల్‌లో 1952 నమూనానూ మళ్లీ తయారు చేయడం. రెండోది, జపాన్ కాపీలతో జపాన్‌లోనే పోటీ పడటం. కాండా షోకాయ్, యమానో గక్కి అనే సంస్థలతో కలిసి 1982 మార్చిలో ఫెండర్ జపాన్‌ని పెట్టారు. తయారీ పని మత్సుమొతోలోని ఫుజిజెన్ గక్కికి అప్పగించారు.

అంటే ఈ గిటార్లు పుట్టింది పాతదాని మీద ప్రేమతో మాత్రమే కాదు. ఒక కంపెనీ తన సొంత కాపీల చేతిలో ఓడిపోతున్న సమయంలో పుట్టాయి. 1982 నాటి ఆ ఒత్తిడి వాటి ప్రతి ముక్కలోనూ ఉంది. ‘1957 స్ట్రాట్‌కి నకలు’ అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆ కథంతా చెరిపేసినట్టే.

ఇంకో విషయం కూడా గమనించాలి. 1982లో వాళ్ల ముందున్న 1957 గిటార్‌కి అప్పటికే పాతికేళ్లు. నైట్రో లాకర్ వయసుతోపాటు పసుపు తిరుగుతుంది. 1957లో షాపులో వేలాడుతున్న కొత్త స్ట్రాట్ నెక్ లేత మేపుల్ రంగులో ఉండేది. ఆ తేనె రంగు తర్వాత వచ్చింది. చాలా రీఇష్యూల్లో నెక్‌కి వేసే లాకర్‌లోనే ఆ రంగు కలిపి ఇచ్చారు. కాబట్టి రీఇష్యూ అనుకరించేది 1957ని కూడా కాదు. పాతికేళ్లు వాడిన తర్వాత 1957 ఎలా కనిపించిందో దాన్ని అనుకరిస్తుంది. నాకు ఇది లోపంగా అనిపించదు. ఒక తరం తన ముందు తరాన్ని ఎలా చూసిందో కళ్లకు కట్టే వస్తువు ఇంతకంటే ఏం ఉంటుంది?

ఇక గుర్తుపట్టడం సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి.

అందరూ ముందు చూసేది సీరియల్ నంబర్. స్ట్రాట్ రీఇష్యూల్లో అది నెక్ వెనకాల ఉండే స్టీల్ ప్లేట్ మీద ఉంటుంది. అమెరికాలో చేసిన రీఇష్యూలకు, అంటే ‘అమెరికన్ వింటేజ్’ వరసకు, ‘వి’ అక్షరం, తర్వాత అంకెలు. తొలి జపాన్ వాటికి ‘జేవీ’, తర్వాత అయిదు అంకెలు. చాలామందికి ఇక్కడితో పరిశోధన అయిపోతుంది. నా దృష్టిలో ఇది అన్నిటికంటే బలహీనమైన సాక్ష్యం. ఎందుకంటే ఆ ప్లేట్‌ని నాలుగు స్క్రూలు తిప్పితే మార్చేయవచ్చు. గిటార్ మొత్తంలో అంత సులువుగా ఊడి ఇంకోదానికి ఎక్కే భాగాలు చాలా తక్కువ. పైగా, ప్లేట్ అసలుదే అనుకున్నా, అమెరికన్ ‘వి’ నంబర్లు సంవత్సరాల వారీగా వరసలో నడవవు. చిన్న నంబర్ ఉంది కాబట్టి పాతది అనే లెక్క అక్కడ చెల్లదు. ఫెండర్ కంపెనీ కూడా వీటి విషయంలో నెక్ మీది తేదీనే చూడమంటుంది. 52 టెలికాస్టర్ రీఇష్యూకైతే ‘వి’ కూడా ఉండదు, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ ప్లేట్ మీద వట్టి అంకెలే ఉంటాయి.

అక్షరాలతో ఇంకో చిక్కు ఉంది. జపాన్ ఫెండర్లలో ఒకే అక్షరం రెండు కాలాల్లో వాడారు. ‘మేడ్ ఇన్ జపాన్’ అనే మాట పక్కన ‘ఓ’ ఉంటే 1993-94. ‘క్రాఫ్టెడ్ ఇన్ జపాన్’ పక్కన అదే ‘ఓ’ ఉంటే 1997-2000. ‘పి’ కూడా అంతే: మొదటి రకంలో 1993-94, రెండో రకంలో 1999-2002. మధ్యలో తయారీ ఫుజిజెన్ నుంచి వేరే ఫ్యాక్టరీల చేతికి వెళ్లింది కాబట్టి ఇది ఏదో అయిదారేళ్ల తేడా అని తీసిపారేయలేం. చేసిన చేతులే మారిపోయాయి. ‘ఇ’ (E) అక్షరం మరీ గందరగోళం. జపాన్ గిటార్ మీద అది 1984-87ని చెబుతుంది. ఫెండర్ వాళ్ల రీఇష్యూ కాని అమెరికన్ స్టాండర్డ్ గిటార్ల హెడ్‌స్టాక్ మీద అదే ‘ఇ’ ఎనభైల దశకానికి గుర్తు. చివరికి ‘వి’ కూడా అమెరికాకే సొంతం కాదు, 1996-97 నాటి జపాన్ గిటార్ల మీదా ఉంది. అక్షరం ఒక్కటే చూసి సంవత్సరం చెప్పేవాళ్లను నమ్మకండి. అక్షరం ఎక్కడ ఉంది, పక్కన ఏ మాట ఉంది, ఎన్ని అంకెలున్నాయి అని అడగండి.

ఇంకో గిటార్ కంపెనీ గిబ్సన్ వాళ్ల పద్ధతి ఈ విషయంలో నాకు నచ్చుతుంది. 1993లో మొదలైన వాళ్ల హిస్టారిక్ వరసలో, లెస్ పాల్ అనే మోడల్ రీఇష్యూ సీరియల్‌లో మొదటి అంకె నమూనా సంవత్సరానిది, రెండో అంకె తయారైన సంవత్సరానిది. 9 పక్కన 3 ఉంటే 1959 నమూనా, 3తో ముగిసే ఏడాదిలో చేసినది. పదేళ్లకోసారి అంకె తిరిగొస్తుంది కాబట్టి అక్కడా తికమక ఉంది. కానీ గిటార్ తన రెండు సంవత్సరాలనూ తానే చెప్పుకుంటుంది. సరే, స్ట్రాట్‌కి వద్దాం.

ప్లేట్‌ని పక్కన పెడితే నిజంగా నమ్మదగింది నెక్ హీల్. నెక్ విప్పితే కింది చివర తేదీ ముద్ర ఉంటుంది. జపాన్ వాటిలో ముద్రలు, పెన్సిల్ రాతలు, చాలావాటిలో హీల్ మీదో, బాడీలో అది కూర్చునే గుంట నెక్ పాకెట్‌లోనో మోడల్ కోడ్ కూడా దొరుకుతుంది. ముందు తీగలు పూర్తిగా వదులు చేయాలి. స్క్రూలను ఒక్కొక్కటిగా కాకుండా అన్నిటినీ కొంచెం కొంచెంగా వదులు చేయాలి. తిరిగి బిగించేటప్పుడు స్క్రూని ముందు వెనక్కి తిప్పి, పాత మరలో అది ‘టక్’మని కూర్చున్నాకే ముందుకు తిప్పాలి. ఇవి పాటించకుండా పదేపదే విప్పితే చెక్కలో మర అరిగిపోతుంది. అందుకే అమ్మేవాళ్లను ఊరికే విప్పి చూపించమని అడగను. నిజంగా కొనే ఉద్దేశం ఉన్నప్పుడు మాత్రం అడుగుతాను, అప్పుడు కుదరదంటే వదిలేస్తాను.

జపాన్ మోడల్ కోడ్ చాలా ఉపయోగపడుతుంది. ‘ఎస్‌టీ57-115’ అంటే 57 నమూనా స్ట్రాట్, ధర 115 వేల యెన్లు. ‘ఎస్‌టీ57-85’ అంటే 85 వేలు. ‘65’ కూడా ఉంది. మూడింటి ప్లేట్ మీదా ఉండేది అదే ‘జేవీ’. పై మోడల్‌కి అమెరికన్ పికప్‌లు (తీగల కదలికని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) వేశారు, కింది మోడళ్లకు వాటి ధరకు తగ్గ సరుకు వాడారు. జేవీ అనే రెండక్షరాల చుట్టూ ఇప్పుడు ఒక మాయ అల్లుకుంది. జేవీ అయితే చాలు, అద్భుతం అన్నట్టు మాట్లాడతారు. అది సీరియల్ వరస మాత్రమే, నాణ్యత ముద్ర కాదు. పైగా ఎగుమతి కోసం చేసిన స్క్వయర్ గిటార్ల మీద కూడా జేవీ నంబర్లున్నాయి. స్క్వయర్ అనేది ఫెండర్ 1965లో కొన్న ఒక తీగల కంపెనీ పేరు, ఆ పేరుని అప్పుడు బయటికి తీశారు. అవి కూడా మంచి గిటార్లే. కానీ ఏది ఏ ధరకు, ఏ బజారు కోసం చేసిందో తెలియకుండా అన్నిటినీ ‘జేవీ’ అనే ఒకే గాట కట్టడం వాటికి న్యాయం కాదు.

తర్వాత బాడీ ముందు ఉండే ప్లాస్టిక్ పలక, అంటే పిక్‌గార్డ్, కింద ఉండే పాట్‌లు, అంటే వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు. అమెరికన్ పాట్‌ల మీద ఏడంకెల కోడ్ ఉంటుంది. 137తో మొదలైతే సీటీఎస్ కంపెనీది, 304 అయితే స్టాక్‌పోల్. తర్వాతి రెండు అంకెలు సంవత్సరం, చివరి రెండు వారం. ఉదాహరణకు 1378841 అంటే సీటీఎస్ 1988లో 41వ వారంలో చేసిన పాట్. దీన్నిబట్టి గిటార్ అంతకు ముందుది కాదని తెలుస్తుంది, అంతే. తర్వాత ఎంతకాలానికి గిటార్‌లోకి ఎక్కిందో తెలియదు. 1966లో ఫెండర్ పాట్‌లను పెద్ద మొత్తంలో కొనిపెట్టుకుంది, ఆ సంవత్సరపు పాట్‌లు దశకం చివరి గిటార్లలో కూడా కనిపిస్తాయి. వైర్లను అతికించే సోల్డర్ కూడా చూడాలి. ఫ్యాక్టరీ సోల్డర్ మీద మళ్లీ వేడి పెడితే మెరుపు, ఆకారం మారతాయి. పాట్ తేదీ సరిపోయినా సోల్డర్ కొత్తగా ఉంటే ఆ పాట్ ఎక్కడి నుంచో వచ్చి ఉండవచ్చు.

జపాన్ గిటార్‌కి అమెరికన్ ముక్కలు, అమెరికన్ గిటార్‌కి జపాన్ ముక్కలు తగిలించారేమో కనిపెట్టడానికి కొన్ని తేలిక పద్ధతులున్నాయి. స్వరాన్ని ఊపడానికి బ్రిడ్జ్‌లో బిగించే ట్రెమలో కడ్డీ ఒకటి. అమెరికన్ వింటేజ్ బ్రిడ్జ్‌లో 10-32 అనే అంగుళాల కొలత థ్రెడ్ ఉంటుంది, జపాన్ దానిలో అయిదు మిల్లీమీటర్ల మెట్రిక్ థ్రెడ్. రెండిటి మందంలో తేడా చాలా కొద్దిగా ఉంటుంది, అదే ప్రమాదం. ఒకదాని కడ్డీ ఇంకోదానిలో కొంత దూరం వెళ్లి బిగుసుకుంటుంది, లేదా లూజుగా ఊగుతుంది. బలవంతంగా తిప్పితే కడ్డీ బిగే లోహపు బ్లాక్‌లో థ్రెడ్ పోతుంది. నాబ్‌లు ఇంకొకటి. సీటీఎస్ పాట్ కాడ మీద సన్నటి 24 పళ్లు ఉంటాయి, మెట్రిక్ పాట్‌కి 18. నాబ్ సరిగ్గా కూర్చోకపోతే లోపల ఏదో మారిందని అర్థం. చెక్క కూడా చూడాలి. అమెరికన్ రీఇష్యూల బాడీ ఎక్కువగా ఆల్డర్, జపాన్ మోడళ్లలో బాస్‌వుడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. బాస్‌వుడ్ మెత్తగా ఉంటుంది కాబట్టి పిక్‌గార్డ్ స్క్రూల రంధ్రాల చుట్టూ త్వరగా నలుగుతుంది.

ఫినిష్ గురించి ఒక్క మాట. అల్ట్రావయొలెట్ టార్చ్ కింద పెడితే తర్వాత పూసిన చోటు చుట్టుపక్కల కంటే వేరేగా కనిపిస్తుంది. దానితో తృప్తి పడండి. నైట్రోనా కాదా తేల్చడానికి అసిటోన్ చుక్క వేసి చూడమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి వేయకండి. అమెరికన్ వింటేజ్ రీఇష్యూల్లో చాలావాటికి అడుగు పొర పాలియెస్టర్, పైది మాత్రం నైట్రో. ఆ పై పొర పల్చగా ఉంటుంది. ఒక్క చుక్క చాలు, ఎప్పటికీ పోని మచ్చ పడుతుంది.

ఇవన్నీ విడివిడిగా దేన్నీ రుజువు చేయవు. ప్లేట్, హీల్ తేదీ, పాట్ కోడ్, సోల్డర్, థ్రెడ్, ఫినిష్ అన్నీ ఒకే కాలాన్ని చూపించినప్పుడు నమ్మకం కుదురుతుంది. నాకు దొరికిన ఒక 62 రీఇష్యూ విషయంలో ఇదే జరిగింది. ప్రకటనలో అది ఫుల్లర్టన్ కాలపుదని రాశారు. ‘వి’ నంబర్ చిన్నది, వాళ్ల ఆధారం అదొక్కటే. విప్పి చూస్తే హీల్ మీద 1989 తేదీ, పాట్‌లు 1988 చివరివి, సోల్డర్ ఎవరూ ముట్టుకోనిది. ప్రకటన తప్పు. గిటార్‌లో మాత్రం వంక పెట్టడానికేం లేదు. అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయిన 1989 కరోనా గిటార్ అది. ఆ సంవత్సరానికి తగిన ధర మాట్లాడుకుని తీసుకున్నాను. ఫుల్లర్టన్‌ది కాదని తెలిశాక అది నా దృష్టిలో ఏమాత్రం తగ్గలేదు, అసలు ఏమిటో తెలిసింది కాబట్టి ఇంకా ఇష్టమైంది.

ఫుల్లర్టన్ మోజు ఎందుకో నాకు అర్థమవుతుంది. 1985 మార్చిలో షుల్ట్జ్, ఆయనతో కలిసిన పెట్టుబడిదారులు సీబీఎస్ నుంచి ఫెండర్‌ని 1.25 కోట్ల డాలర్లకు కొన్నారు. ఆ కొనుగోలులో ఫుల్లర్టన్ ఫ్యాక్టరీ లేదు. అక్కడ చేసిన రీఇష్యూలు 1982-84తో ఆగిపోయాయి, అందుకే అవి తక్కువ. కానీ ఆ ఖాళీని నింపింది ఎవరో కూడా చూడాలి. కరోనాలో కొత్త ఫ్యాక్టరీ నిలదొక్కుకునే దాకా అమెరికాలో అమ్ముడైన ఫెండర్లలో ఎక్కువ భాగం జపాన్‌లో తయారైనవే. ‘ఇ’ సీరియల్ ఉన్న జపాన్ రీఇష్యూని రెండో రకం సరుకుగా చూసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. సొంత దేశంలో ఫ్యాక్టరీ లేని రోజుల్లో ఆ కంపెనీని బతికించిన గిటార్ అది. నా దగ్గర ఉన్నవాటిలో నేను ఎక్కువగా వాయించేది కూడా అదే.

ఇప్పుడు అసలు తగాదాకి వస్తాను. రీఇష్యూ కొన్న వెంటనే దాన్ని ‘సరిదిద్దడం’ ఒక ఆచారంలా మారిపోయింది. పాట్‌లు తీసేసి పాతకాలం కోడ్ ఉన్న పాట్‌లు వేస్తారు. పికప్‌లు మారుస్తారు. కెపాసిటర్ మారుస్తారు. పాలియెస్టర్ గీకేసి నైట్రో కొట్టిస్తారు. ఉద్దేశం మంచిదే, 1957కి ఇంకొంచెం దగ్గరగా తీసుకెళ్లాలని. కానీ ఎంత దగ్గరగా తీసుకెళ్లినా అది 1957లోకి వెళ్లదు. 1982 నుంచి మాత్రం బయటికి వచ్చేస్తుంది. రెండు సంవత్సరాలున్న గిటార్‌కి చివరికి ఏ సంవత్సరమూ మిగలదు.

అమెరికన్ వింటేజ్ స్ట్రాట్‌లో స్విచ్ సంగతే తీసుకోండి. అసలు 1957, 1962 గిటార్లలో ఏ పికప్ మోగాలో ఎంచుకోవడానికి మూడు పొజిషన్ల స్విచ్ ఉండేది. రెండు పొజిషన్ల మధ్య దాన్ని ఆపితే రెండు పికప్‌లు కలిసి వేరే ధ్వని వస్తుందని వాయించేవాళ్లు కనిపెట్టారు. 1977లో ఫెండర్ అయిదు పొజిషన్ల స్విచ్ పెట్టింది. మరి రీఇష్యూలో ఏం పెట్టాలి? గిటార్‌లో మూడు పొజిషన్లది బిగించి, అయిదుది కేస్‌లో విడిగా వేసి ఇచ్చారు. పాతదానిలా ఉండాలి, కానీ ఆ రెండు మధ్య ధ్వనులు వదులుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. 1982 మనసు మొత్తం ఆ చిన్న ప్లాస్టిక్ కవర్‌లో ఉంది. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో దొరికే గిటార్లలో చాలావాటికి అయిదుది ఎక్కింది, మూడుది పోయింది. అయిదుది వాడటం తప్పని నేను అనను. తీసిన మూడుదాన్ని పారేయడం మాత్రం తప్పంటాను.

దీనికి ఎదురుగా రెండు వాదనలు వినిపిస్తాయి, రెండూ బలమైనవే.

మొదటిది, గిటార్ వాయించడానికే కదా అని. నిజమే. నెక్ మీది లోహపు ఫ్రెట్లు అరిగిపోతాయి, పైన తీగలు ఆనే నట్ అరిగిపోతుంది, జాక్ వదులవుతుంది. మార్చాల్సిందే. పాతకాలపు 7.25 అంగుళాల రేడియస్ ఉన్న, అంటే బాగా వంపు తిరిగిన, ఫింగర్‌బోర్డ్ మీద పై ఫ్రెట్లలో తీగని బాగా లాగితే స్వరం ఆగిపోతుందని బోర్డ్‌ని చదును చేయించేవాళ్లున్నారు. అది నేను చేయించను. చెక్క ఒకసారి పోతే తిరిగి రాదు, అలాంటి బోర్డ్ కావాలనుకునేవాళ్లకు దానికోసమే చేసిన గిటార్లు బోలెడున్నాయి. నా హద్దు ఇది: వాడకంలో అరిగేది మార్చవచ్చు, వెనక్కి తిప్పగలిగేది మార్చవచ్చు, తీసిన ప్రతి ముక్కనీ తేదీ రాసిన కవర్‌లో కేస్‌లోనే ఉంచాలి. ఈ హద్దులో వాయించేవాడికి అడ్డొచ్చేది ఏమీ లేదు.

రెండో వాదన బ్లాకీ అనే గిటార్. 1970లో ప్రసిద్ధ గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ అమెరికాలోని నాష్‌విల్‌లో కొన్ని పాత స్ట్రాట్‌లు కొని, కొన్ని స్నేహితులకిచ్చి, మిగిలిన మూడింటిలోని మంచి ముక్కలు కలిపి ఈ గిటార్ చేయించుకున్నాడు. 2004లో క్రిస్టీస్ వేలంలో అది 9,59,500 డాలర్లు పలికింది. ముక్కలు కలిపిన గిటార్‌కి అంత విలువుంటే, ఏ ముక్క ఎక్కడిదైతే ఏమిటని అడుగుతారు. కానీ బ్లాకీ విలువ దాన్ని వాయించిన మనిషి వల్ల వచ్చింది. ఆ మూడు గిటార్లను విప్పకుండా ఉంటే ఈరోజు మనకు యాభైల నాటి గిటార్లు ఇంకో మూడు చెక్కుచెదరకుండా ఉండేవి. అప్పట్లో వాటిని అలా చూసేవాళ్లే లేరు కాబట్టి తప్పుపట్టలేం. ఇప్పుడు మనకు తెలుసు. ఇంకా గమ్మత్తైన విషయం, 2006లో ఫెండర్ కస్టమ్ షాప్ బ్లాకీకి 275 నకళ్లు చేసింది, దాని అరుగుదల, గీతలతో సహా. మూడు గిటార్ల కలగాపులగాన్ని ఒక్క ముక్క కూడా తేడా రాకుండా మళ్లీ చేశారు. కొన్నవాళ్లెవరూ ఆ నకలుని ‘సరిదిద్ది’ మచ్చలేని 1957గా మార్చాలని అనుకోరు. మామూలు రీఇష్యూకి కూడా అదే గౌరవం ఇవ్వమని నేను అడుగుతున్నాను.

రెలిక్‌ల, అంటే కావాలని ముసలిగా కనిపించేట్టు చేసిన గిటార్ల, విషయంలో ఈ గౌరవం అప్పుడే వచ్చేసింది. కస్టమ్ షాప్ 1995లో రెలిక్‌లు మొదలుపెట్టినప్పుడు బాడీలకు, నెక్‌లకు ముసలితనం తెచ్చే పని విన్స్ క్యునెటో చేసేవాడు. 1999 దాకా ఆయన చేతి మీదుగా వెళ్లినవాటిని ఇప్పుడు క్యునెటో రెలిక్‌లని విడిగా వెతుక్కుంటారు. ఆ గిటార్ ఏ సంవత్సరాన్ని నటిస్తోందన్నది వాళ్లకు రెండో ప్రశ్న. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారన్నది మొదటి ప్రశ్న. ఫుల్లర్టన్, మత్సుమొతో, తొలి కరోనా గిటార్లను కూడా అలా చూసేవాళ్లు పెరగాలి.

ఇది అభిరుచికి మాత్రమే సంబంధించిన గొడవ కూడా కాదు. రీఇష్యూ ముక్కలు అసలు పాత గిటార్లుగా బజార్లోకి వెళ్తుంటాయి. తేదీ ముద్ర గీకేసిన నెక్, హెడ్‌స్టాక్ మీద అంటించే కొత్త డెకాల్ (పేరు స్టిక్కర్), పాత కోడ్ పాట్‌లు, అరగదీసిన ప్లేట్ కలిస్తే ఒక ‘1962’ తయారవుతుంది. ఇలాంటివాటిని పట్టుకోవాలంటే రీఇష్యూ ఎలా ఉంటుందో ముందు బాగా తెలిసి ఉండాలి. ముట్టుకోని రీఇష్యూలు ఎన్ని ఎక్కువ మిగిలితే, పోల్చి చూసుకోవడానికి అన్ని ఎక్కువ ఆధారాలు ఉంటాయి. ప్రతి ఒక్కరూ తమ గిటార్‌ని పాతదానికి దగ్గర చేస్తూ పోతే మోసగాడి పని సగం మనమే చేసి పెట్టినట్టు.

కొనాలనుకునేవాళ్లకు నా సలహా అడిగితే, ఫుల్లర్టన్, జేవీల వెంట పరుగెత్తకండి. అందరి కళ్లూ అక్కడే ఉన్నాయి, నకిలీ ప్లేట్లు ఎక్కువగా తిరిగేదీ అక్కడే. 1986 నుంచి తొంభైల మధ్య దాకా వచ్చిన కరోనా ‘వి’ గిటార్లు, ఫుజిజెన్ చివరి ఏళ్లలో చేసిన జపాన్ రీఇష్యూలు చూడండి. వాటిని ఇంకా చాలామంది వాడుకునే వస్తువుగానే చూస్తున్నారు. అందుకే అవి అన్నిటికంటే వేగంగా ముక్కలవుతున్నాయి కూడా. ఒకే సంవత్సరానివి అన్నీ సరిపోయినది దొరికితే, దెబ్బలు తగిలి ఉన్నా సరే, తళతళలాడుతూ ముక్కలు మారినదాని కంటే దాన్నే తీసుకోండి. 2022లో ఫెండర్ అమెరికన్ వింటేజ్ టూ వరస తెచ్చింది, అందులో 1957, 1961 స్ట్రాట్‌లున్నాయి. అవి కొన్నవాళ్లు కేస్‌లో వచ్చిన కాగితాలు, ట్యాగ్‌లు, చిన్న స్క్రూ సహా దాచండి. ఎక్కడైనా మార్పు చేస్తే ముందు, తర్వాత ఫొటోలు తీసి, తేదీ రాసి, తీసిన ముక్కలతోపాటు గిటార్‌తోనే ఉంచండి. అమ్మేటప్పుడు ఆ కవర్ కూడా కొన్నవాళ్లకు ఇవ్వండి.